చ్యూలాన్ వదిన వాటా కాలు

రండి, రండి, దగ్గరికి జరిగి కూచోండి. ఆ మెట్టు మీద ఎందుకమ్మా, సిమెంటు చల్లగా లాగేస్తుంది, ఇదిగో ఈ అట్టముక్క వేసుకో. ఫ్యాక్టరీకి కరెంటు తీస్తే మీకు సెలవు, నాకు పండగ. ఇంతమంది వినేవాళ్లు ఒక్కచోట దొరికి ఎన్నాళ్లయిందో. గింజలు కొరుక్కోండి, తొక్కలు మాత్రం కింద పడెయ్యకండి, ఊడ్చే ఆవిడ నన్నే తిడుతుంది. ఆఁ, ఏమడిగావ్ ఫాంగ్‌లిన్? నన్ను ఊరివాళ్లు మూడుకాళ్ల తాత అని ఎందుకంటారనా? నువ్వేమనుకున్నావ్, ఈ కర్ర వల్లనా? కర్ర మొన్న మొన్న వచ్చిందమ్మా. ఆ పేరు నాకు ముప్ఫయ్యోపడిలోనే వచ్చింది, అప్పటికి నేను మేకలాగా కొండెక్కేవాణ్ని. నవ్వకండి, నిజంగానే ఎక్కేవాణ్ని. ఆ పేరు పెట్టించింది చ్యూలాన్ వదిన. మో వారి ఆడపడుచు, మా పక్కింటి కోడలు. ఇప్పుడు మీ చెప్పుల ఫ్యాక్టరీలో సోల్ అతికించే షెడ్డు ఉంది చూశారా, అది ఆమె మడి. ఆ పక్కన లారీలు తిప్పే చోటు నాది. అమ్మ గ్వాన్యిన్ తల్లి దయవల్ల ఆమె పేరు నోటికొచ్చింది, ఇక ఇవాళ నన్నెవరూ ఆపలేరు.

మీరు పుట్టకముందు సంగతి ఇది. అప్పట్లో భూమి అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. పొద్దున్నే మా పని దళానికి నాయకుడు క్వాంగ్ పెద్దన్న జేగంట వాయించేవాడు. మేము లేచేవాళ్లం కాదు. మళ్లీ వాయించేవాడు. 'లేవండ్రా, సూర్యుడొచ్చి మీ పిర్రలు కాలుస్తున్నాడు' అని అరిచేవాడు. అప్పుడు లేచి, పార భుజాన వేసుకుని, పొలానికి వెళ్లి ఆ పార మీద గడ్డం ఆనించి నిలబడేవాళ్లం. పనికి మార్కులు వేసేవారు. చేసినవాడికీ అవే మార్కులు, నిలబడ్డవాడికీ అవే. నిలబడ్డంలో నన్ను మించినవాడు ఈ లోయలో లేడు, ఒట్టు. కొంగ కూడా నన్ను చూసి నేర్చుకోవాలి. అలాంటిది ఒక చలికాలం, భూమి ఇంటింటికీ పంచుతున్నాం అన్నారు. చీట్లకి బదులు వెదురు పుల్లలు తీయించారు. అంతే, ఒక్క చలికాలంలో మేము వేరే మనుషులమైపోయాం. జేగంటకి లేవని నేను కోడికంటే ముందు లేచి మడి గట్టు మీద కూచునేవాణ్ని, ఎవడన్నా గట్టు చెక్కి లోపలికి జరుగుతాడేమోనని. ఇంకోటి చెప్తాను, ఆడపిల్లలు చెవులు మూసుకోండి. బజారుకి వెళ్లినవాడికి కడుపు కదిలిందనుకో, అక్కడ కానిచ్చేవాడు కాదు. బిగబట్టుకుని మైళ్లు నడిచి, సొంత మడికే వచ్చేవాడు. ఎరువు కదా, పరాయివాడి నేలకి ఎందుకు ఇవ్వాలి? పొట్టి లియావ్ ఒకసారి అలా పరిగెడుతూ పరిగెడుతూ నా మడి దాకా వచ్చేశాడు, ఇంకో రెండు మళ్లు దాటలేకపోయాడు. నేను వాడికి దణ్ణం పెట్టాను. ఆ ఏడాది ఆ మూల వరి భలే పండింది. సరే, ఎక్కడున్నాం? ఆఁ, గేదె.

భూమి పంచారు, పారలు పంచారు, ధాన్యం ఆరబోసే చాపలు పంచారు. గేదెల దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చింది. ఇళ్లేమో బోలెడు, గేదెలేమో గుప్పెడు. నాలుగిళ్లకొక గేదె, ఇంటికొక కాలు అన్నారు. చుట్టుపక్కల ఊళ్లన్నీ అలాగే పంచుకున్నాయి, మేమేం కొత్తగా కనిపెట్టలేదు. మా వాటాకొచ్చింది ఒక బూడిదరంగు గేదె. దాన్ని బూడిదమ్మ అనేవాళ్లం. క్వాంగ్ పెద్దన్నకొక కాలు, పొట్టి లియావ్‌కొక కాలు, నాకొక కాలు. నాలుగో కాలుకి చ్యూలాన్ వదినని తీసుకొచ్చి అంటగట్టారు. ఎవరూ ఆమెని తమ గేదెలో చేర్చుకోలేదు మరి. మొగుడు రాతిక్వారీలో పోయాడు, ఇంట్లో కళ్లు కనపడని అత్తగారు. నాగలి పట్టే మగాడు లేని ఇంటికి గేదె కాలు ఎందుకు అని అందరి వాదన. ఆమె గేదె చుట్టూ ఒకసారి తిరిగి, 'ఏ కాలు నాది?' అంది. మేము ముగ్గురం పగలబడి నవ్వాం. అంటే నాలుగో వంతు అని అర్థం వదినా, కాలంటే నిజంగా కాలు కాదు అన్నాను నేను. 'అలా అయితే వంతు అనే అనాల్సింది. కాలన్నారుగా, ఏ కాలో చెప్పండి' అంది. సరే, నోరు నాది, ఊరుకోదుగా. కుడి వెనక కాలు తీసుకో, తన్నే కాలు అదే అన్నాను. ఆమె వంగి, ఆ కాలుని గిట్ట నుంచి పైదాకా చేత్తో నిమిరి, మంచిది అని వెళ్లిపోయింది. తెలివైనవాడు ఆ నిమరడం చూసి జాగ్రత్తపడతాడు. నేను ఇంటికెళ్లి మా ఆవిడకి ఈ జోకు చెప్పి మళ్లీ నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు.

గేదె వంతులు తిరిగేది. ఒకరింట్లో కొన్నాళ్లు, ఇంకొకరింట్లో కొన్నాళ్లు. ఇప్పుడు నా బుర్ర ఎంత గొప్పగా పనిచేసేదో చూడండి. నా వంతు వచ్చినప్పుడు బూడిదమ్మని చూసి, నిన్న లియావ్ ఇంట్లో తినే ఉంటుందిలే అనుకునేవాణ్ని. వాడు, రేపెలాగూ షౌగెన్ ఇంటికి, అంటే నా ఇంటికి పోతుంది, మేత వాడు వేస్తాడులే అనుకునేవాడు. దున్నేటప్పుడు మాత్రం అందరం ఒకటే: రేపు ఎలాగూ వాళ్లింట్లో పడుకుంటుంది, ఇవాళ ఇంకో మడి లాగిద్దాం. పెద్దలు పదిమందిలో పాము చావదన్నారు. నలుగురిలో గొడ్డు బతకదని మేము కొత్తగా కనిపెట్టాం. ఒక్క చ్యూలాన్ వదిన వంతు వచ్చినప్పుడే అది కడుపునిండా తినేది. నాగలి పట్టడం ఆమె ఆ చలికాలంలోనే నేర్చుకుంది, వంకరగా దున్నేది, గట్టు మీద నిలబడి మేము కామెంట్లు చేసేవాళ్లం. పని అయ్యాక మెడ పుండుకి బూడిద రాసి, తను తినబోయే గంజి సగం దానికి పోసేది. అయినా ఒక ఇంటి గంజి నాలుగిళ్ల చాకిరీకి చాలుతుందా? నాట్లకి మళ్లు సిద్ధం చేసే రోజులొచ్చేసరికి బూడిదమ్మ ఒంటి మీద ఎముకలు లెక్కపెట్టొచ్చు. నిలబడితే ముందు మోకాళ్లు వణికేవి. అది పడిపోతే మగాళ్లున్న మూడిళ్లూ పారలతోనైనా తవ్వుకుని ఎలాగో నాట్లు వేస్తాయి. చ్యూలాన్ వదినకి మాత్రం ఆ ఏడాది అన్నం ఉండదు, కళ్లులేని ఆ ముసలమ్మకీ ఉండదు. ఇది అందరికీ తెలుసు. తెలిసీ అందరం మేత సంగతి పక్కింటికే వదిలేశాం.

ఇంతలో నాలుగో నెల ఎనిమిదో రోజు వచ్చింది. అది గొడ్ల పుట్టినరోజు. మీ వైపు చేస్తారా? మావైపు ఆ రోజు గొడ్డు మెడ మీద కాడి పెడితే పాపం. జిగురన్నం ముద్దలు చేసి ముందు దానికి పెట్టి, తర్వాత మనం తినాలి. గొడ్ల దేవుడు స్వర్గం నుంచి కబురు మోసుకొచ్చి, మూడు రోజులకొక పూట అనాల్సింది తప్పుగా చెప్పి, మనిషికి రోజూ మూడు పూటల తిండి అనేశాడట. ఆ తిండి పండించడానికే ఆయన్ని కిందికి తోసి నాగలికి కట్టారట. ఆయన పొరపాటు వల్లే కదా మనం మూడు పూటలా తింటున్నాం, ఏడాదికొక్క రోజు సెలవు ఇవ్వకపోతే ఎలా? నేను భక్తుణ్ని. అప్పుడూ భక్తుణ్నే. కానీ ఆ రోజు గేదె వంతు నాది. కాలవ నీళ్ల వంతూ నాదే. ఆ రోజు మడిలో నీళ్లుండగా దున్నకపోతే, మర్నాటికి నీళ్లు అవతలి వాళ్లకి పోతాయి, మళ్లీ నా వంతు వచ్చేసరికి నాట్ల కాలం దాటిపోతుంది. ఏం చెయ్యాలి? గ్వాన్యిన్ తల్లినే అడుగుదామని అగరొత్తి వెలిగించి చెక్కలు వేశాను. అర్ధచంద్రంలా ఉండే రెండు చెక్కలు, ఒకటి బోర్లా ఒకటి వెల్లకిలా పడితే సరేనని అర్థం. రెండూ బోర్లా పడ్డాయి. తల్లి వద్దంది. బహుశా నా ప్రశ్న సరిగ్గా అడగలేదేమో అనుకుని, వినయంగా, కొంచెం గట్టిగా మళ్లీ అడిగాను. మళ్లీ వద్దంది. తల్లికి మా కాలవ వంతుల సంగతి తెలీదేమోనని అంతా వివరంగా చెప్పి మళ్లీ వేశాను. అలా వేస్తూనే ఉన్నాను, వేస్తూనే ఉన్నాను, చివరికి ఆవిడకే విసుగొచ్చి సరే అంది. మా ఆవిడ వెనక నిలబడి అంతా చూసి, 'నువ్వు దేవుణ్ని అడగడం లేదు, బేరమాడుతున్నావ్' అంది. నేను వినిపించుకోలేదు. తల్లి అనుమతి ఉందిగా.

అంతటితో ఊరుకున్నానా? లేదు, ధర్మశాస్త్రం కూడా తీశాను. ఊళ్లో గొడ్లన్నీ సెలవులో ఉన్నాయి, జనమంతా కొత్తబట్టలు వేసుకుని, చేతిలో జిగురన్నం ముద్దలతో గట్ల మీద తిరుగుతున్నారు. నేను బూడిదమ్మని కాడికి కట్టి మడిలో దింపాను. క్వాంగ్ పెద్దన్న చూసి, 'ఒరే షౌగెన్, ఇవాళ దాని పుట్టినరోజు కదరా' అన్నాడు. పెద్దన్నా, మీ మూడు కాళ్లకి పుట్టినరోజు చేసుకోండి, నేను కాదనను, నా కాలు మాత్రం ఇవాళ పుట్టలేదు అన్నాను. గట్టు మీద కొందరు నవ్వారు. నవ్వారు కదా అని నాకు ఉత్సాహమొచ్చింది. వినేవాళ్లుంటే నాకు ఎప్పుడూ ఇదే జబ్బు, చూస్తూనే ఉన్నారుగా. ముందు ఎడమ కాలు నాది, అది ముందుకి నడిస్తే మిగతా మూడూ దాని వెనక తీర్థయాత్రకి పోతున్నట్టు లెక్క అన్నాను. అప్పుడొచ్చింది చ్యూలాన్ వదిన. చేతిలో కొబ్బరిపీచు తాడు. ఎవరితోనూ మాట్లాడకుండా, చెప్పులు గట్టు మీద విడిచి, బురదలోకి దిగి, బూడిదమ్మ కుడి వెనక కాలుకి ఆ తాడు కట్టి, రెండో కొస గట్టు మీదున్న మొద్దుకి బిగించింది. ఏంటి వదినా ఇది అన్నాను. 'ఏం లేదు, నా కాలు. పండగ కదా, సెలవిచ్చాను. నీ మూడు కాళ్లకి నేను అడ్డం రాను, దున్నుకో' అంది. నేను అదిలించాను. గేదె ఒక్క అడుగు వేసి ఆగింది. నా వైపు తిరిగి చూసింది. దాని చూపులో ఉన్నది నేను ఇక్కడ ఆడపిల్లల ముందు చెప్పలేను. గట్టు మీద జనం ఈసారి నిజంగా నవ్వారు, అన్నం ముద్దలు నోట్లోంచి రాలిపోయేలా. వంతు నాది వదినా, ఇవాళ నాలుగు కాళ్లూ నావే అని అరిచాను. 'వంతు పనికి వేసుకున్నాం. దాని పుట్టినరోజుకి వంతు ఎవరు వేశారు?' అంది. క్వాంగ్ పెద్దన్నని చూశాను. ఆయన తల గోక్కుని, 'కాలు చూపించి ఇచ్చింది నువ్వే కదరా, నేను సాక్షిని' అన్నాడు. పొట్టి లియావ్ వెంటనే, 'మూడుకాళ్ల షౌగెన్, కానీ మరి, దున్ను' అన్నాడు. అదీ, ఆ పూట అతుక్కుంది ఆ పేరు. చచ్చినా వదలదు, సమాధి రాయి మీద కూడా అదే చెక్కిస్తారేమో.

ఇక్కడిదాకా ఊళ్లో అందరూ చెప్తారు. ఇక్కడ ఆపేసి నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి, ఆ తర్వాతది నేను చెప్తాను. జనం నవ్వుతున్నారు కానీ నీళ్లు ఇంకుతున్నాయి. నేను వదిన దగ్గరికెళ్లి, గొంతు తగ్గించి, వదినా, రేపు నీళ్లు పోతాయి, ఈ మడి ఎండిపోతే మా పిల్లలు ఏం తినాలి అన్నాను. ఆమె మడి వైపు చూసింది. గేదె మోకాళ్ల వైపు చూసింది. మర్నాడు గేదె వంతు ఆమెదే. 'ఇవాళ ఇది పడిపోతే రేపు నాకు దిక్కులేదు. ఇవాళ నీ మడి దున్నకపోతే నీకు దిక్కులేదు' అంది, ఉప్పు ధర చెప్పినట్టు మామూలుగా. ఇక తిడుతుందనుకున్నాను. మేత ఎవరెవరు ఎగ్గొట్టారో ఇంతమంది ముందు కడిగేస్తుందనుకున్నాను. తిడితే తిరిగి అనడానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి కూడా. ఆమె గేదె మెడ మీద కాడి విప్పింది. దాన్ని గట్టు ఎక్కించి, నాగలి తాళ్లు తీసి తన భుజాన వేసుకుంది. పుండు పడకుండా కొంగుగుడ్డ మడిచి కింద పెట్టుకుంది. 'మేడి పట్టు మరిదీ. నువ్వట్లా నిలబడి చూస్తే మడి దానంతట అదే దున్నుకుంటుందా?' అంది.

నేను మేడి పట్టాను. ఏం చెయ్యను, చేతులు వాటంతట అవే పట్టుకున్నాయి. ఆమె లాగింది. నాగలి కదల్లేదు. ఇంకా ముందుకి వంగింది, ముఖం బురదకి ఆనేంత. అప్పుడు కదిలింది, బెత్తెడు. ఆ బెత్తెడుతో గట్టు మీద నవ్వు ఆగిపోయింది. పొట్టి లియావ్ మొదట దిగాడు, కొత్త ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, 'వదినా, ఆ తాడు కొస ఇటివ్వు, నీ ఎత్తుకి నా ఎత్తుకి సరిపోదు కానీ ఇవ్వు' అన్నాడు. తర్వాత నా భార్య దిగింది, నన్ను చూడకుండా. క్వాంగ్ పెద్దన్న మాత్రం వెనక్కి తిరిగి ఇంటికి పరిగెత్తాడు. చూశారా పెద్దమనిషి, పని కనపడగానే జారుకున్నాడు అనుకున్నాను. ఆయన జేగంట పట్టుకొచ్చాడు. భూములు పంచిన రోజు నుంచి అది అటక మీద పడి ఉంది, మోగించినా వినే దిక్కులేక. గట్టు మీద నిలబడి, లాగేవాళ్ల అడుగుకి తగ్గట్టు ఒక్కొక్క దెబ్బ వేశాడు. అంతకాలం ఆ గంట విని లేవని ఊరు, ఆ రోజు లేచింది. మా గేదెలో ఏ కాలూ లేనివాళ్లు కూడా దిగారు. అలసినవాళ్లు గట్టెక్కుతుంటే ఇంకొకళ్లు తాడు అందుకున్నారు. చాళ్లు ఎలా వచ్చాయంటే, తాగినోడు నడిచినట్టు వచ్చాయి. బూడిదమ్మ గట్టు మీద నిలబడి నా వాటా జిగురన్నం తింటూ మమ్మల్నే చూస్తోంది, దళ నాయకుడు పని తనిఖీ చేస్తున్నట్టు. పొద్దు వాలేసరికి మడి అయిపోయింది.

మర్నాడు ఆమె వంతు. ఆమె గేదెని తీసుకెళ్లలేదు, ఇంకొక రోజు పడుకోనియ్యి అంది. తెల్లారి అందరం తాళ్లు పట్టుకుని ఆమె మడికి వెళ్లాం. నేను ముందుండి నడిపించానని చెప్పుకోవాలని ఉంది, కానీ నేను ఒళ్లు నొప్పులని దుప్పటి కప్పుకుని పడుకున్నాను. మా ఆవిడ దుప్పటి లాగేసి, 'చెక్కలు వేసి అడుగుతావా, లేస్తావా?' అంది. లేచాను.

తర్వాత? తర్వాత ఏముంది, గేదె బతికింది, బాగా బలిసింది కూడా. ఎవరింట్లో మేత ఎక్కువ వేస్తారని పోటీ వచ్చింది మాలో, సిగ్గు అంత పనిచేస్తుంది. ఆ తర్వాత చేతి ట్రాక్టర్లు వచ్చాయి. మీలాంటి పిల్లలు రైలెక్కి సముద్రంవైపు ఫ్యాక్టరీలకి పోయారు, మా ఇద్దరు కొడుకులూ పోయారు. నాగలి పట్టేవాడు లేడు, గేదె ముసలిదైంది. కబేళా బేరగాడు వస్తే మేము ముగ్గురం సరే అన్నాం. ఆమె, 'మీ మూడు కాళ్లూ అమ్ముకోండి, నాది అమ్మను' అంది. మూడు కాళ్ల గేదెని ఎవడు కొంటాడమ్మా? బేరగాడు నవ్వి పోయాడు. అది ఆమె పెరట్లోనే కాలం తీరి పోయింది. ఆమె కూడా ఆ తర్వాత ఎక్కువకాలం లేదు, దగ్గుతో పోయింది. ఈ ఫ్యాక్టరీ, ఈ మేడలు ఏవీ చూడలేదు. చూసి ఉంటే ఏమనేదో. నన్ను మాత్రం నా సొంత మడిలోనే గేటు దగ్గర కుర్చీ వేసి కూచోబెట్టారు, లారీలు లెక్కపెట్టమని. పార మీద గడ్డం ఆనించి నిలబడేవాడికి కుర్చీ ఇచ్చారంటే అది పదోన్నతే కదా.

సరే, ఒక మాట. నిన్న మెట్ల మీద మీరు తిట్టుకుంటుంటే విన్నాను. వినాలని వినలేదు, ముసలివాడి చెవులు అవసరమైనప్పుడే పనిచేస్తాయి. మీ గదిలో కొత్తమ్మాయికి జ్వరమని, దాని వల్ల మీ లైనంతా ఆగిందని, మీ అందరి జీతంలో కోత పడుతుందని. నిజమే, పడుతుంది. నాకూ ఆ రోజు మడిలో నీళ్లు ఇంకిపోతూనే ఉన్నాయి. నేను మీకు నీతులు చెప్పేవాణ్ని కాదు, నా పేరేంటో ఇప్పుడు మీకు తెలిసింది కదా. ఒక్కటే అడుగుతున్నాను. ఆ రోజు ఆమె ఎవర్నీ తిట్టలేదు, ఎవర్నీ రమ్మని పిలవలేదు. ముందు తాడు తీసి తన భుజాన వేసుకుంది, ఆ తర్వాతే నన్ను మేడి పట్టమంది. అదొక్కటి గుర్తుపెట్టుకోండి. మీరు చేసి చూడండి. ఎవరన్నా ఎందుకు చేశావని అడిగితే, ఇలా మో చ్యూలాన్ అని ఒకావిడ ఉండేదని చెప్పండి, ఆ విన్నవాళ్లని ఇంకొకళ్లకి చెప్పమనండి. నా పేరు చెప్పక్కర్లేదు. చెప్పినా మూడుకాళ్ల... ఏంటి ఫాంగ్‌లిన్, లేచావ్? పైకా? ఆ పిల్ల దగ్గరికేనా? వెళ్లు, వెళ్లు. ఆగు, ఈ ఫ్లాస్కు తీసుకెళ్లు, అల్లం నీళ్లున్నాయి. మా కోడలు నాకోసం కాచిందిలే, అడిగితే నేనే తాగేశానని చెప్తాను.